ఎడమ వెనక చక్రం

హనుమండ్లు చెయ్యి పడిన బండి మళ్లీ షెడ్డు మొహం చూడదని జైనూరులో ఒక మాట ఉంది. ఆ మాటను సగం జనం పుట్టించారు, మిగతా సగం హనుమండ్లే పుట్టించుకున్నాడు. బెల్లంపల్లి బొగ్గుబాయిలో తండ్రి చేసిన ఉద్యోగం అన్నకు పోయింది. తమ్ముడికి మిగిలింది పానాల డబ్బా. ఇరవై ఐదేళ్లుగా బండ్ల కింద వెల్లకిలా పడుకుని నేర్చుకున్నదే అతని చదువు. చదువుకున్నవాడు తప్పు చేస్తే కాగితం అడ్డం పెడతాడు. ఇలాంటివాడికి అడ్డం పెట్టుకోవడానికి పేరొక్కటే ఉంటుంది.

ఆ శనివారం మధ్యాహ్నం మొగిలి పికప్ మళ్లీ వచ్చింది. రెండు నెలల్లో ఇది మూడోసారి, అదే ఎడమ వెనక చక్రం. పొద్దున పత్తి ఏరబోయే పద్నాలుగు మంది ఆడవాళ్లతో ఘాట్ రోడ్డు దిగుతుంటే బ్రేకు పట్టలేదు. మొగిలి బండిని గుట్ట వైపు కోసి, మట్టిగడ్డకు ఒరిపించి ఆపాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, కూలీల మేస్త్రి భూమవ్వ అతన్ని వదల్లేదు. బండితో పాటే షెడ్డుకు వచ్చి, పాత టైరు మీద కూర్చుంది.

"అన్నా, ఒక్క మాట చెప్పు. తప్పు నాదా, బండిదా?" అన్నాడు మొగిలి.

"బండిదట! రెండు గుటకలేసి బండి మీదికి నూకితే, దానికి నోరున్నదా చెప్పనీకి?" అంది భూమవ్వ.

"తాగలే అక్కా. నా బిడ్డ మీద ఒట్టు."

"ఆ పిల్లనెందుకు తెస్తవ్‌రా నడిమిట్ల? నువ్వు తండ్రివైంది సాలదా దానికి?"

హనుమండ్లు చక్రం విప్పి, బ్రేకు డ్రమ్ము లాగాడు. లోపలంతా నల్లటి జిడ్డు. రెండు వేళ్ల మధ్య రుద్ది వాసన చూశాడు. బ్రేకు ఆయిల్ పలచగా ఉంటుంది. ఇది చిక్కగా ఉంది, కుళ్లిన గుడ్డు వాసన కొడుతోంది. ఇరుసులో ఉండాల్సిన గేరు నూనె, దాన్ని ఆపే రబ్బరు సీల్ దాటి వచ్చి బ్రేకు లైనర్లను ముంచేసింది.

"లోడ్ తగ్గియ్యిరా అని ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" అన్నాడు.

"నువ్వు చెప్పిన కాడి నుంచి సగం లోడే ఏస్తున్నన్నా."

హనుమండ్లు చెయ్యి ఆగిపోయింది. మొదటిసారి లోడు ఎక్కువైందన్నాడు, రెండోసారి సీల్ నకిలీదన్నాడు. ఆ రెండుసార్లూ ఏమాత్రం అనుమానం లేకుండా నేరుగా ఇరుసు లాగి కొత్త సీల్ కొట్టాడు. ఈసారి ఇరుసు జోలికి పోలేదు. బండి కింద దూరి, నూనె ఎంతుందో చూద్దామని ముందుగా నూనె పోసే బోల్టుకు పానా వేశాడు. రెండు చుట్లు తిప్పాడో లేదో, పాము బుసకొట్టినట్టు గాలి తన్నింది. వేడి నూనె తుంపర మొహాన పడింది.

లోపల గాలి బిగుసుకుపోయి ఉంది. అదే నూనెను సీల్ మీదికి తోస్తోంది. మరి ఆ గాలి పోవడానికి ఇరుసు నెత్తిన టోపీలాంటి చిన్న మూత ఉండాలి కదా? చెయ్యి పైకి పెట్టి తడిమాడు. మూత మీద రబ్బరు తగిలింది. సైకిల్ ట్యూబు ముక్క, రాగితీగతో కట్టిన మూడు మెలికల ముడి. ఆ ముడి అతనిదే.

ఆగస్టులో కల్వర్టు కొట్టుకుపోయి బండ్లన్నీ వాగులోంచి నడిచినప్పుడు, ఆ మూతలోంచి నీళ్లు దూరి నూనె పాలచాయ్ రంగుకు తిరిగింది. హనుమండ్లు ఎనిమిది పికప్పులకు ట్యూబు ముక్కలు కట్టాడు. ఇంజినీర్లకు రాని తెలివి అన్నారంతా. నీళ్లు రాకుండా మూసినవాడికి, వేడెక్కిన గాలి ఎటు పోతుందన్న ఆలోచన రాలేదు.

"ఏం దొరికిందే?" అని భూమవ్వ కేకేసింది.

"లోడేనా అన్నా?" అన్నాడు మొగిలి. అవునంటే ఒప్పుకునేలా ఉంది ఆ గొంతు.

బ్లేడుతో ఒక్క కోత చాలు. ముక్క జేబులోకి పోతుంది, సీల్ మళ్లీ నకిలీదవుతుంది, పేరు పేరుగానే ఉంటుంది. కానీ ఇంకా ఏడు బండ్లున్నాయి. ఈ రోజు వారపు అంగడి. నాలుగు కొట్టేసరికి అవన్నీ మనుషులను నింపుకుని ఘాట్ దిగుతాయి.

ట్యూబు ముక్క పట్టుకుని బయటికి వచ్చాడు.

"లోడుది కాదు, నీది కాదు. నేనే కట్టిన గిది. గాలి ఎల్లక నూనెను బయటికి నూకుతుంది."

మొగిలి ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. "నీ మాట వట్టి రెండు నెలల సంది అందరు నన్ను తాగుబోతును జేసిన్రు గదనే," అన్నాడు.

హనుమండ్లు చేతి జిడ్డు లుంగీకి తుడుచుకున్నాడు. ఫోన్ తీశాడు. "బండి ఆడనే ఆపు. దాంట్ల నా తప్పున్నది." ఆ మాట ఆరుగురు డ్రైవర్లకు చెప్పాడు.  ఏడోవాడు రాకేశ్ ఎత్తలేదు. మళ్లీ చేశాడు, మళ్లీ చేశాడు. టైరు మీద కూర్చున్న భూమవ్వ ఎప్పుడు లేచిందో, అతని పక్కనే నిలబడి ఫోన్లోకి చూస్తోంది. నాలుగుకు పది నిమిషాలుందనగా రాకేశే చేశాడు.

"మంది ఎక్కుతున్నరన్నా, ఏంది చెప్పు జల్ది."

"దించు అందర్ని."

"మజాక్ చేస్తున్నవా?"

"దించురా!"

ఏడు బండ్లూ ఆగాయి. మొగిలి బండి మీద పొద్దుగూకేదాకా పని నడిచింది. ఇరుసు లాగి కొత్త సీల్ కొట్టాడు. డ్రమ్మును పెట్రోలుతో కడిగాడు. తడిసిన లైనర్లను కాల్చి వాడుకోవచ్చని మొగిలి అంటే వినకుండా కొత్తవి వేశాడు. మూతలోని మన్ను సూదితో తీసి, నోటితో ఊది చూశాడు. గాలి పోయింది.

పోతూ పోతూ భూమవ్వ షరతు పెట్టింది. "రేపు ఎన్క డబ్బాల మా నడుమ నువ్వు గూసోవాలె. లేకుంటే ఒక్కామె ఎక్కది."

మరుసటి పొద్దున పద్నాలుగు మంది మధ్య హనుమండ్లు కూర్చున్నాడు. ఎవరూ పలకరించలేదు. ఘాట్ మొదలైంది. కింద లోయలో పొగమంచు కదులుతోంది. అతను పక్కనున్న ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు. నిన్న బండి ఒరుసుకున్న మలుపు రాగానే భూమవ్వ క్యాబిన్ రేకు మీద దబదబా బాదింది.

"ఆపు! ఈడనే ఆపు!"

బండి ఏ పక్కకూ లాగకుండా, ఉన్నచోట నిలబడింది.

"ఇంగో రెండు మలుపులైనంక మళ్ల ఆపు," అంది. అక్కడా నిలబడింది.

కింద చేను దగ్గర ఆడవాళ్లు దిగి వరసగా సాళ్లలోకి పోయారు. హనుమండ్లు చక్రం లోపలికి చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. భూమవ్వ అతని వైపు చూడలేదు.

"మొగిలీ, మాపటికి అయిదింటికి రా. ఆలస్యం జెయ్యకు," అంది.

మొగిలి బండి తిప్పి ఆపాడు. "ముంగట కూసుంటవానే?" అన్నాడు, రోడ్డు వైపే చూస్తూ.

"ఈ చక్రం మీదనే కూసుంట," అంటూ హనుమండ్లు వెనక డబ్బాలోకే ఎక్కాడు.