చూడని సరుకు

కోరాపుట్‌లో నేను రాయగడ బస్సెక్కేసరికి పక్క సీటు పెద్దమనిషి ఫోన్‌లో ఉన్నాడు. "సరుకు రెడీగా ఉందండి. జెట్ ఫ్యూయలు, ఎన్ని ట్యాంకర్లైనా పంపుతాం" అని అలసిపోయిన గొంతుతో ఒకరి తరవాత ఒకరికి అదే మాట చెబుతున్నాడు.

ఫోన్ దించి నావైపు తిరిగాడు. "ఏటి బాబూ, ఈ వాసన?"

సునాబెడ ఫ్యాక్టరీలో విమానాల ఇంజన్లు నడిపి చూసే పని నాది. డ్యూటీ చొక్కాతోనే వచ్చేశాను. "మీరు అమ్ముతున్నదేనండి" అన్నాను.

ఆయన నవ్వలేదు. "మాది రాయగడలో సింతపండు హోల్‌సేలు. బస్తాలో సెయ్యెట్టి, ఓ రెబ్బ నోట్లో ఏసుకుని సూడందే బేరం ఆడీవోళ్లం కాదు. ఆ యాపారం పోయేక ఈ బ్రోకరీలో దిగేను. నా పైన హైదరాబాద్‌లో ఒకడు, ఆడి పైన బొంబాయిలో ఇంకొకడు. సరుకు ఎవుడి కాడుందో ఎవుడికీ తెల్దు. నానైతే సుక్క కూడా సూడ్లేదు."

అడక్కుండానే నా చొక్కా చేతిని రెండు వేళ్లతో పట్టుకుని, ముక్కు దగ్గరికి తెచ్చుకుని కళ్లు మూసుకున్నాడు. "కిరసనాయిలు లాగే ఉంది" అన్నాడు, కాస్త నిరాశగా.

మళ్లీ ఫోన్ మోగింది. సరుకు మీరు చూశారా అని అవతలి మనిషి అడగడం నాకూ వినిపించింది. ఆయన నా చొక్కా వైపు చూశాడు.

"లేదండి. వాసన సూసేనంతే."

ఆ తరవాత రాయగడ దాకా ఫోన్ మోగలేదు. ఆయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. చెయ్యి తిమ్మిరెక్కినా నేను కదపలేదు.