కంపెనీ అంటే కలిసి తినేవాళ్లు

గోదావరిఖని బొగ్గుబాయిలో టబ్బులు నింపే సామ్యేలుకు ఒక పిచ్చి ఉండేది. మిషన్ బడిలో ముసలి అయ్యవారు ఎక్కించిన పిచ్చి. ఇంగ్లీషు మాట చెవిన పడితే చాలు, దాని పుట్టుపూర్వోత్తరాలు విప్పందే అన్నం సయించేది కాదు.

"క్లర్కు అంటే ఒకప్పుడు పాదిరే అన్నా. అప్పట్ల సదువు వాళ్లకే గద" అనేవాడు.

"అయితే మన హాజరు క్లర్కు ఏ గుడి పాదిరిరా? కల్లు లేంది ప్రార్థన మొదలువెట్టడు" అనేవాడు రాయమల్లు. ఏండ్ల తరబడి ఒకే టబ్బుకు బొగ్గెత్తిన జోడీ వాళ్లు.

బాయి లోపల సద్దివేళ గిన్నెలన్నీ నడుమ పెడతారు. ఎవరి చేయి ఎవరి గిన్నెలోకైనా పోతుంది. సామ్యేలు తాత ఊరవతల గుడిసెలో పుట్టినవాడు, రాయమల్లుది నడి ఊళ్లో ఇల్లు. కింద ఆ లెక్క ఎవరూ తీయరు. సామ్యేలు భార్య యేసమ్మ వండే పుంటికూర మాంసమంటే రాయమల్లుకు ప్రాణం.

ఒకరోజు ఆ ముద్ద మింగుతూ అతనే అడిగాడు. "మరి కంపెనీ అంటే ఏందిరా?"

"ఒక్క రొట్టె కలిసి తినేటోళ్లు. లాటిన్ల పుట్టిన మాట. షావుకార్లు తర్వాత ఎత్తుకపోయిండ్రు."

"గట్లయితే అసలు కంపెనీ మనమే" అని రాయమల్లు భుజం చరిచాడు.

ఆ మాట సామ్యేలు గుండెలో కూర్చుంది. పందొమ్మిది వందల అరవై తొమ్మిదిలో ఉండటానికి కంపెనీ క్వార్టరు దొరికినప్పుడు జట్టునంతా భోజనానికి పిలిచాడు. "మా రాయమల్లన్న నా పక్కనే కూసుంటడు" అని చుట్టాలందరికీ చెప్పుకొన్నాడు.

అందరూ వచ్చారు. ఉతికిన ధోవతులు, తలకు నూనె. వాకిట్లో మంచాల మీద కూర్చున్నారు. విస్తళ్లు వేసి పిలిస్తే ఒకరికి శనివారం, ఒకరికి కడుపునొప్పి.

"ఇయ్యాల ఒక్కపొద్దురా" అన్నాడు రాయమల్లు. మీసానికి ఇంకా కల్లు నురగ ఉంది.

యేసమ్మ గరిటె పట్టుకుని గడపలో నిలబడింది. "చాయన్న తాగుతవా అన్నా?"

"హోటలు నుంచి తెప్పియ్యి చెల్లే. గిలాస గూడ ఆణ్నుంచే."

సామ్యేలే పోయి తెచ్చాడు. చుట్టాలు విస్తళ్లలోకి తలలు వంచుకున్నారు.

పోతూ పోతూ రాయమల్లు అతన్ని పక్కకు పిలిచి, నిజమైన ప్రేమతోనే, మెల్లగా అన్నాడు. "పుంటికూర వాసన కమ్మగొస్తున్నది తమ్మీ. రేపు సద్దిల జర ఎక్కువ తే. బాయి మీద నలుగురి కండ్లుంటయి. కింద మనకేంది."

మర్నాడు సామ్యేలు తీసుకుపోయాడు. రాయమల్లు వేళ్లు నాకుతూ తిన్నాడు. ఆ తర్వాత ఎవరు ఏ మాటకు అర్థమడిగినా సామ్యేలు, "నాకు తెల్వదు, బొగ్గెత్తు" అనేవాడు.