వరుసలో చోటు దొరకని పేరు

మొన్న పక్క వీధి అవ్వ ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చింది. గని కొలువు దిగిపోయిన మా ఈడువాళ్లకు వేరే చెప్పనక్కరలేదు, చివరికి మనిషికి తోడుండేది దవాఖాన కార్డే. ఆమె పెనిమిటి, మేమంతా కాక అని పిలిచే మనిషి, పోయాడు గనుక ఆ కార్డు ఆమె పేరిట మారాలంటే, ఆయన రిటైరయ్యేటప్పుడు రాయించుకున్న వాంగ్మూలాన్ని ఇప్పటి చిరునామాతో, ఆమె వేలిముద్రతో సోమవారంలోగా మళ్లీ ఇవ్వాలట. అసలు కాగితం చెదల పాలైంది. ఫోనులో మిగిలింది చదవడానికే తప్ప దిద్దడానికి లొంగని పీడీఎఫ్. అప్పట్లో గని ఆఫీసు టైపిస్టుగా దాన్ని కొట్టింది నేనే, కానీ ఆరు పేజీలు మళ్లీ కొట్టే ఓపిక నా వేళ్లకు లేదు. దాన్ని దిద్దుకునే ఫైలుగా మార్చే సాఫ్ట్‌వేరు వెతకమని మేనకోడల్ని కూర్చోబెట్టాను.

మా రోజుల్లో ఒకరి పేరు మీద ఇంకొకరు గనిలో దిగడం మామూలే. కాక తన బావ పేరుతో చేరాడు. హాజరు పుస్తకంలో, క్యాంటీనులో, షిఫ్టు కేకల్లో సర్వీసంతా ఆ పేరే. సొంత పేరు ఇంటి గడప దాటేది కాదు. ఆ రెండు పేర్లూ ఒక్క మనిషివేనని చెప్పాల్సిన కాగితంలోనే, నేను అలవాటు కొద్దీ గని పేరు కొట్టి సొంత పేరు మరిచాను. కాకకు చదువు రాదు, తన పేరు ఆకారం మాత్రం తెలుసు. పేజీ అంతా వేలు పెట్టి వెతికి, మెల్లగా అడిగాడు.

“మా అమ్మ పెట్టిన పేరు ఏడ వోయింది బిడ్డా?”

సిగ్గుతో చచ్చిపోయాను. తప్పు కనిపిస్తే కాగితం చించి మొదటినుంచి కొట్టించే మా హెడ్ క్లర్కు ఆ రోజు సెలవులో ఉండటం నా అదృష్టమనుకుని, టైపు మిషను రోలరు అరగీత వెనక్కి తిప్పి, ఆ పేరును రెండు వరుసల మధ్య ఇరికించాను. కాక దాన్ని తడిమి చూసుకుని, సరే అని వేలిముద్ర వేశాడు.

మొదటి సాఫ్ట్‌వేరు తెలుగును కాకిగీతలు చేసింది. రెండోది ముత్యాల్లాంటి వరుసలు పేర్చింది, మేనకోడలికి అదే నచ్చింది. ఫోనులోని పాత పీడీఎఫ్ పక్కన పెట్టి చదివితే కాక సొంత పేరు లేదు. మరకనుకుని తుడిచేసింది కాబోలు. నా తప్పే మళ్లీ ఎదురొచ్చినట్టయింది. మూడోది వరుసలన్నీ వంకరటింకర చేసింది గానీ, ఆ పేరును వదల్లేదు.

“గింత గలీజుగున్నది గిదే తీసుకుంటవా అత్తా?” అంది మేనకోడలు.

అదే తీసుకున్నాను. వంకర్లు సరిచేయడానికి ఒక పూట పట్టింది. చిరునామా మార్చి, కాక పేరును గని పేరు పక్కకు, వరుసలోకి దించి చదివి వినిపించాను. ఆ పేరు దగ్గర అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శనివారమే కాగితం ఇచ్చి వచ్చాం.

ఇప్పుడు ఎంత దిద్దినా మచ్చ కనబడదు. మంచిదే. ఈ కొత్త కాగితం చూసినవాళ్లకు ఆ పేరు ఇన్నేళ్లు వరుస బయట నిలబడిందని తెలియదు. ఆ రోజే నేను మిషను మీద ఇంకో కాగితం ఎక్కించి మొదటినుంచి కొడితే సరిపోయేది. తన పేరు వరుసలో ఉండటం కాక కళ్లతో చూసుకునేవాడు.