అరగంట

శేషారత్నం మాట్లాడేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. మిరపకాయల ఘాటుకి అలవాటైందంటుంది గానీ, గుంటూరులో మానసిక వైద్యుడి గదిలోనూ ఆ కొంగు దిగదు. నెలకోసారి పంటి నొప్పని ఇంట్లో చెప్పి బస్సెక్కుతుంది, మందుల చీటీ చీరలషాపు కవర్లో దాస్తుంది. ఆ డాక్టరు మాత్రలిచ్చి పంపెయ్యడు, అరగంట కూర్చోబెట్టి మాట్లాడిస్తాడు. నెలంతా ఆ అరగంట కోసమే చూస్తుందామె. "నోటితో చెప్పలేనివి రాసుకురామ్మా" అన్నాడు పోయినసారి. రాసింది. ఆ నోటుబుక్కు బియ్యం డబ్బాలో దాచింది.

నోటుబుక్కు ఆడపడుచు సామ్రాజ్యానికి దొరికింది. కల్లంలో మిరపకాయల తొడాలు తీస్తున్న ఆడవాళ్ళ మధ్య నిలబడి గట్టిగా చదివింది. "'పొద్దున్నే లేవకపోతే బాగుండుననిపిస్తుంది డాక్టరుగారూ.' విన్నారా, మా వదిన పంటి నొప్పి!"

"మాకూ అనిపిస్తుందే. లేవకపోతే మీ అమ్మ ఊరుకుంటుందా?" అంది ఒకామె. కల్లమంతా నవ్వింది.

"అన్నం వేళకి మాత్రం ఠంచనుగా లేస్తుంది" అంది అత్తగారు.

సామ్రాజ్యం నోటుబుక్కు రత్నం ఒళ్ళో పడేసింది. "రాయి వదినా, రోజూ చదువుకుంటాం."

రత్నం కొంగు అడ్డం పెట్టుకుని వాళ్ళతోపాటు నవ్వింది. తొడాలు తీసే వేళ్ళు ఆగలేదు.

ఆ నెల డాక్టరు నోటుబుక్కు తిరగేశాడు. ముందు పేజీలు చింపేసి ఉన్నాయి. మిగిలినవాటిలో రోజుకో వాక్యం, గుండ్రటి అక్షరాలతో: 'ఈరోజు బాగానే ఉన్నాను.' ఆయన మొహం వెలిగింది.

"ఎంత తేలికపడ్డావో చూశావామ్మా! ఇంక ఇంతదూరం రానక్కర్లేదు. మాత్రలు మీ ఊళ్ళోనే కొనుక్కో."

"అలాగేనండీ" అంది రత్నం, కొంగు చాటున.