నాలుగు వేల చేతులు

గజపతినగరం జంక్షన్‌లో కోతలు కోసేవాళ్లకు పోటీ పెడితే పరంజ్యోతికి బహుమతి రాదు. అతను ఆటో దిగి రావడం చూడగానే మిగతావాళ్లంతా పేర్లు వెనక్కి తీసుకుంటారు, పోటీయే జరగదు. తొమ్మిదో తరగతిలో బడి మానేశాడని ఎవరైనా అంటే ఒప్పుకోడు. తాను మానలేదట. తాను లేని క్లాసులో పాఠం చెప్పడానికి మనసొప్పక మాస్టార్లే బదిలీలు పెట్టించుకున్నారట. ఒకసారి మెంటాడ దారిలో ఆయిలు అయిపోతే, వెనక కూర్చున్న అత్తలు కోడళ్ల మీద విడిచిన నిట్టూర్పులకే ఆటో విజయనగరం దాకా పరిగెత్తిందట. వినేవాళ్లు నవ్వుతారు, నవ్వుతూనే ఎక్కుతారు. అదే దారిలో మిగతా ఆటోలు ఈగలు తోలుకుంటుంటే పరంజ్యోతి ఆటోకు మనుషులు వేలాడేది ఈ కోతల కోసమే.

ఇంట్లో మాత్రం అవి చెల్లవు. అతను నోరు తెరిస్తే చాలు, భార్య లీలారాణి "సగం తగ్గించి సెప్పు మావా" అంటుంది. తగ్గించాక మిగిలినదాంట్లో మళ్లీ సగమే నమ్ముతుంది.

ఒక్క చోట మాత్రం పరంజ్యోతి కోత కోయడు. చంపావతి ఏటి ఒడ్డున వాళ్ల బాప్తిస్టు సంఘానికి సమాధుల దొడ్డి ఉంది. దొరలు మిషను పెట్టిన కాలం నాటిది. అందులో అతని కూతురు గ్లోరీ ఉంది. కరోనా వచ్చిన ఏడు జ్వరంతో పోయింది. అది ఆ జ్వరం కాదని డాక్టరు చెప్పినా, ఆ రోజుల్లో ఏ జ్వరమైనా ఒకటే. పేటలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. పాస్టరు ఫిన్నీ మూతికి గుడ్డ కట్టుకుని దూరంగా నిలబడి వాక్యం చదివాడు. గొయ్యి తవ్వింది పరంజ్యోతే, మట్టి వేసింది అతనూ లీలారాణే. పాట పాడడానికి మరో గొంతు లేదు. జనం లేనిదే నోరు తెరవని మనిషి, జనం లేకుండా కూతుర్ని సాగనంపాడు.

ఇసుక లారీలు ఏటి కడుపులో గోతులు చేసినప్పటినుంచి నీరు దారి తప్పింది. వానాకాలం వస్తే ఒడ్డును కొరుక్కుంటూ తింటోంది. ఏడాదికో వరస సమాధులు కూలుతున్నాయి. గ్లోరీకీ ఏటికీ మధ్య మిగిలింది ఒక్క బైబిలు టీచరమ్మ సమాధి. బతికున్నప్పుడు దయ్యాలనే నిలబెట్టి గద్దించిన మనిషని ఆమెకు పేరు. ఏరు అంతకంటే మొండిది. ఒడ్డుకు రాతిగోడ కట్టాలి, లేదంటే మెట్ట మీద వేరే చోటివ్వాలి. సంఘం పెద్దలు చాలా ఆఫీసులు తిరిగారు. ప్రతి ఆఫీసూ ఇంకో ఆఫీసు గుమ్మం చూపించింది.

అంతలో ఎన్నికలొచ్చాయి. ఉదయభాస్కర్ అనే ఆయన ఎమ్మెల్యేగా నిలబడ్డాడు. ఆయన దగ్గర అన్నీ చూసే చినబాబు ప్రచారానికి పరంజ్యోతి ఆటో మాట్లాడి మైకు కట్టించాడు. టీ కొట్టు దగ్గర మాటవరసకు అడిగాడు, మీ సర్చిలో ఓట్లెన్నిరా అని.

గట్టిగా చూస్తే రెండొందలుండవు. ఆ మాటే పరంజ్యోతి నాలుక చివరిదాకా వచ్చింది. కాని చినబాబు చూపు అప్పటికే రోడ్డు అవతలి జెండాల మీదికి పోయింది. రెండొందల ఓట్లకు ఆ చూపు వెనక్కి తిరగదు. పరంజ్యోతి కళ్ల ముందు టీచరమ్మ సమాధి కదిలింది.

"మా సర్చి ఒక్కటే అనుకుంటన్నావేటి అన్నా? ఇక్కణ్నుంచి సాలూరు కొండల దాకా మా పాస్టరు అయ్యగారి మాటే. ఆయన ఉపాసమంటే కొండ మీద పొయ్యిలు ఆరిపోతాయి. ఆయన సెయ్యెత్తినాడంటే నాలుగేల సేతులు లేస్తాయి."

చినబాబు టీ గ్లాసు కింద పెట్టాడు.

మరుసటి ఆదివారం ఉదయభాస్కర్ ఆరాధనకు వచ్చాడు. చెప్పులు బయట విడిచి, తల వంచుకుని, అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నాడు. పాస్టరు ప్రకటనల్లో చందాల సంగతి చదువుతున్నప్పుడు కూడా ఆమెన్ అన్నాడు. చివర్లో సమాధుల దొడ్డి సంగతి తానే ఎత్తి, ఒక్క ఓటూ పక్కకు పోకుంటే గెలిచిన వెంటనే, వానలకు ముందే, రాతిగోడ లేపిస్తానని దేవుని మందిరంలో మాటిచ్చాడు.

ఫిన్నీ మెత్తని మనిషి. ఓటు సంగతి వేదిక మీంచి చెప్పకూడదని ఆయనకు తెలుసు. కాని ఆయన తండ్రి సమాధి కిందటేడే ఏట్లో కలిసింది. సంఘ కూటం పిలిచాడు. ఆ సంఘంలో ఏదైనా చేతులెత్తే తేలుస్తారు. సంఘం పనులు చూసే డీకన్లను ఎన్నుకోవడమైనా, గోడలకు ఏ రంగు వెయ్యాలన్నా, క్రిస్మసుకు పులిహోరా పలావా అన్నా అంతే. ఢిల్లీలో పార్లమెంటుకు పునాది తియ్యకముందే తమ సంఘంలో చేతులు లేచాయని ముసలాళ్లు ఇప్పటికీ మీసం దువ్వుతారు. ఎవరికి వెయ్యాలో తాను చెప్పనన్నాడు ఫిన్నీ. గోడ కావాలనుకునేవాళ్లు మాత్రం చెయ్యెత్తమన్నాడు. కునికిపాట్లు పడుతున్నవాళ్ల చేతులు కూడా లేచాయి. పరంజ్యోతి రెండు చేతులూ ఎత్తి చీవాట్లు తిన్నాడు. పోలింగు నాడు ఆ పేటలో ఒక్క ఓటు కూడా పక్కకు పోలేదు. మంచాన ఉన్నవాళ్లను పరంజ్యోతే ఆటోలో మోశాడు.

నాలుగు వేల మాట మాత్రం సంఘంలో ఎవరికీ తెలియదు.

ఉదయభాస్కర్ గీటు మీద, కొద్ది ఓట్ల తేడాతో గెలిచాడు. ఆ సాయంత్రం పరంజ్యోతి ఏటి ఒడ్డుకు పోయి, గోడ వస్తాదే గుంటా అని కూతురికి చెప్పి వచ్చాడు. అప్పటికే అతని కోతకు కాళ్లొచ్చాయి. ఓడినవాళ్లు, చర్చి ఓట్లే ముంచేశాయని జంక్షన్‌లో చెప్పుకున్నారు. పక్క ఊళ్ల పాస్టర్లు విని కూడా కాదనలేదు. తమ చెయ్యి అంత పొడుగని వింటే ఎవరికి చేదు?

పేటకూ ఏటికీ మధ్య పొలం జగన్నాధానిది. ఆయన ఓడిన పార్టీకి ఆ ఊళ్లో పెద్ద. ఫలితాలొచ్చిన వారంలోపే పొలం గట్టు మీద సమాధుల దొడ్డికి పోయే దారికి ముళ్లకంచె పడింది. ఊడ్పులకు పేట ఆడవాళ్లను పిలవడం మానేసి, బొబ్బిలి వైపు నుంచి కూలీలను దింపుకున్నాడు.

గెలిచినవాళ్లేమో పోలింగు బూత్‌ల వారీగా లెక్క చూసుకుంటే, అనుకున్న వేలకు వందలే తేలాయి. చినబాబు ఫోను ఎత్తడం మానేశాడు. సంఘం దగా చేసిందని ఫిన్నీకి కబురొచ్చింది. మెత్తని ఫిన్నీ ఆ ఆదివారం గట్టిపడ్డాడు. చెయ్యెత్తి మాట తప్పినవాళ్లు లేచి ఒప్పుకునేదాకా ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇవ్వనన్నాడు. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అక్కచెల్లెళ్లు వేరే బెంచీల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. పరంజ్యోతి తల ఎత్తలేదు.

చివరికి పరంజ్యోతి, ఉదయభాస్కర్ ఇంటి గేటు దగ్గర కాపు కాసి చినబాబును పట్టుకున్నాడు.

"తప్పు నాదన్నా. మా వోళ్లందరూ వేసినారు. నాలుగేలన్నది నేను కోసిన కోత. సారుకి నేనే సెప్పుకుంటాను, ఒక్కసారి లోనకి ఒగ్గు."

చినబాబు అటూ ఇటూ చూసి అతన్ని గోడ పక్కకు లాగాడు. "నోర్మూసుకోరా. నువ్వు నాలుగేలంటే నేను సారుకి ఆరేలని సెప్పినాను. ఇప్పుడు నువ్వెల్లి నిజం సెప్తే నా బతుకేటవుతాది?"

"ఉన్నది ఉన్నట్టు ముందే సెప్పుంటే గోడ కట్టుదురా?"

చినబాబు అతని చెయ్యి వదిలాడు. తర్వాత ఒక నిజం చెప్పాడు. బహుశా ఆ ఎన్నికల్లో ఆయన నోట వచ్చిన నిజం అదొక్కటే. "రెండొందలకి మీ పేటలో కారే ఆగదురా."

ఆ ఆదివారం పరంజ్యోతి సంఘంలో లేచి నిలబడి అంతా చెప్పాడు. టీ కొట్టు, నాలుగు వేలు, కొండ మీద ఆరిన పొయ్యిలు. పొయ్యిల దగ్గరకు వచ్చేసరికి వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత మందిరమంతా నవ్వింది. ఎవర్నో దాచడానికి మళ్లీ కోత కోస్తున్నాడని తేల్చారు. ఫిన్నీ కూడా, పరిశుద్ధ స్థలంలో పరాచికాలొద్దు బ్రదర్ అని కూర్చోబెట్టాడు. లీలారాణి ఒక్కతే నవ్వలేదు. ఆ రోజు ఆమె సగం తగ్గించకుండా మొత్తం నమ్మింది. ఇంటికి పోయేదాకా అతనికి పదడుగులు ముందే నడిచింది.

అల్పపీడనం పట్టింది. ముసురు మూడు రోజులు వదల్లేదు. ఏరు ఎర్రబడి పొంగుతోందని గొర్రెలవాళ్లు చెప్పారు. గోడ రాదు, మెట్ట మీద చోటూ రాదు, గ్లోరీని తీసి తెచ్చుకుందామన్నది లీలారాణే. ఎక్కడ పెడతామని అతను అడిగితే, మన గుమ్మం ముందు పెట్టుకుంటాం, ముందు నడువు అంది. గ్లోరీకి కప్పడానికి పెట్టెలోంచి చర్చికి కట్టుకునే తెల్లచీర తీసి ప్లాస్టిక్ సంచిలో చుట్టింది. పరంజ్యోతి గునపం పట్టుకుని జగన్నాధం అరుగు కింద వానలో నిలబడ్డాడు.

"ఒక్క పూట కంచె తియ్యించండి బాబూ. మా గుంట గ్లోరీని తెచ్చుకుంటాం."

"గెలిపించుకున్నారు కదరా. మీ ఎమ్మెల్యేనడుగు, ఇమానం ఏయిస్తాడు, ఎగిరెల్దురు."

"మిమ్మల్ని ఓడించింది మేం కాదు బాబూ. మాకున్నవే రెండొందల ఓట్లు. నాలుగేలన్నది నా నోటి దూల."

జగన్నాధం నవ్వాడు. నమ్మడం ఆయన వల్ల కాదు. నాలుగు వేలమంది క్రైస్తవులు కూడబలుక్కుని ఓడించారంటే ఆయనకు నిద్ర పడుతుంది. వాళ్లు కాదంటే తన వీధిలోకి, తన తమ్ముళ్ల ఇళ్లలోకి తొంగిచూడాలి. అప్పుడు అన్నం దిగదు.

"నీ కోతలు జంక్షన్‌లో కోసుకో పరంజ్యోతీ," అని లోపలికి పోయాడు.

వాళ్లు ఏటి వెంట పోయారు. పైనున్న వంతెన దగ్గర దిగి, ఒడ్డున చెట్ల వేళ్లు పట్టుకుని, మొలలోతు నీళ్లలో, మునిగిన తుప్పలు తొక్కుకుంటూ. ఆమె సంచి నెత్తిన పెట్టుకుంది. అతను గునపం ముందు గుచ్చి, నేల తగిలాక అడుగు వేశాడు. దొడ్డి దగ్గరికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. ఉండకపోతేనే బాగుండేది. టీచరమ్మ సమాధి పలక ఒక కొస నీళ్లలో, ఒక కొస గాల్లో వేలాడుతోంది. దాని పక్కన గ్లోరీ ఉండాల్సిన చోట ఒడ్డు కొత్తగా కోసినట్టు నున్నగా ఉంది. చూస్తుండగానే ఇంకో పెళ్ల మట్టి జారి నీళ్లలో పడింది, చప్పుడు కూడా సరిగ్గా కాలేదు.

పరంజ్యోతి గునపం ఆ మట్టిలో గుచ్చాడు, తీశాడు, మళ్లీ గుచ్చాడు. లీలారాణి అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగి, పలకకు దూరంగా గడ్డిలో కూర్చోబెట్టింది. తానూ కూర్చుంది. 

"ఎక్కడికెల్లుంటాది?" అంది.

అతను తల అడ్డంగా ఊపాడు.

"సెప్పు మావా. ఊరందరికీ సెప్తావు. నాకు సెప్పు."

అతను నీళ్లు పోయే దిక్కు చూశాడు. 

"నెల్లిమర్ల వంతెన దాటతన్నాది ఈపాటికి," అన్నాడు. "వంతెన మీద జనం ఉన్నారు. దీపాలట్టుకోని నిలబడ్డారు. కోనాడ కాడ సముద్రంలోకి ఎల్లేదాకా ఒడ్డంట నడిసొస్తారు."

"ఎంతమందున్నారు?"

"నాలుగేలమంది."

సగం తగ్గించమని ఆమె అనలేదు.

"పాడతన్నారా?"

"సేతులెత్తి పాడతన్నారు."

లీలారాణి సంచిని ఒళ్లోకి తీసుకుని, లోపలి చీర తడవకుండా రెండు చేతులూ దాని మీద కప్పింది.

"ఇంకా సెప్పు," అంది.