వదిన కనకాంబరం గింజలు

ఆ రోజుల్లో నాకు భయమంటే తెలియదని పదిమందిలో చెప్పుకునేదాన్ని. వయసు నిండా అరవై ఒకటే, మోకాళ్లు ఇంకా నా మాట వినేవి. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, వానకాలం. రామన్నపేటలో మా పక్కింటి వదిన పోయి ఆ రోజుకు తొమ్మిదో రోజు. ఆమె పెరట్లో నాటు కనకాంబరం ఉండేది. మా ఇంట్లోది కొమ్మ నాటితే వచ్చే రకం, గింజ పట్టదు. వదినను ఎన్నేళ్లు అడిగినా, "పూలు తీస్కపో వదినె, గింజలిస్తె చెట్టు అలుగుతది" అనేది. దినాలు కాగానే ఆ పెరడు చదును చేసి షెడ్డు వేస్తారని తెలిసింది. చెట్టు పోతే ఆ రకమే పోతుంది. మైల ఇంట్లో విత్తనం అడగడం ఏం బాగుంటుంది? (దొంగతనం బాగుంటుందా అని మీరు అడగొద్దు.)

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, వాళ్లంతా నడుం వాల్చిన వేళ, గోడ సందులోంచి దూరి ఎండిన కాయలు నలభై ఆరు తెంపాను. కాయకు నాలుగు చొప్పున నూట ఎనభై నాలుగు గింజలు. తెంపుతున్నంతసేపూ వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టే ఉంది. ఇంటికొచ్చి, అప్పుడే కడిగిన స్టీలు డబ్బాలో గబగబా పోసి, మూత పెట్టి చాప మీద ఒరిగాను. మబ్బు కమ్మి వంటిల్లు చీకటైంది. ఆకు కదలడం లేదు.

ఠక్.

వదిన బతికున్నప్పుడు ఉంగరం వేలితో మా వంటింటి కిటికీ చువ్వ మీద అచ్చం అట్లాగే కొట్టి పిలిచేది. లేచి చూశాను. కిటికీ అవతల ఎవరూ లేరు. మళ్లీ ఠక్. కాసేపు ఆగి, ఠక్ ఠక్. "ఎవరు?" అంటే చప్పుడు లేదు, నేను కూర్చోగానే మళ్లీ మొదలు. అది కిటికీ దగ్గర కాదు, డబ్బాలోంచి వస్తోంది. (పదిహేడు దాకా లెక్కపెట్టాను. భయం భయమే, లెక్క లెక్కే.)

డబ్బా పట్టుకుని చెప్పుల్లేకుండా వాళ్ల పెరట్లోకి ఉరికి చెట్టు ముందు కూలబడ్డాను. "తప్పైంది వదినె, నీయి నీకే ఇస్తున్న, నన్ను ఇడిచిపెట్టు!"

ఇంట్లోంచి వదిన కోడలు కేక వేసింది. "ఓయమ్మో! చెట్టు కాడ అత్తమ్మ మాట్లాడుతాంది!"

"నేనే పిల్లా!"

చీపురు అడ్డం పెట్టుకుని మెల్లగా వచ్చింది. "నువ్వా పెద్దమ్మా? పానం పోయినంత పనైంది!"

"డబ్బల మీ అత్త ఉన్నది" అన్నాను.

చీపురు చంకన పెట్టుకుని మూత తీసింది. కాయ ఒకటి పేలి గింజ ఆమె ముక్కుకు తగిలింది. ఇద్దరం ఓ అడుగు వెనక్కి వేశాం. తర్వాత ఆ పిల్ల డబ్బా అడుగున వేలు పెట్టి చూసి, "కనకాంబరం కాయ తడి తాకితె గిట్లనే పేల్తది. డబ్బా తుడువలేదా పెద్దమ్మా?" అంది. పన్నెండేళ్లుగా మా కోడలిని ఆ మాటతోనే సతాయించినదాన్ని, తల ఎత్తలేకపోయాను.

"తీస్కపో. దినాలు కాంగనే జేసీబీ వస్తది. గీ చెట్టు ఎట్లాగూ ఉండది" అంటూ డబ్బా నా చేతిలో పెట్టింది.

ముప్పై ఒకటి మొలిచాయి. వాటి సంతతి ఇవాళ్టికీ మా గోడ వెంట పూస్తోంది. చెప్పుల్లేకుండా ఉరికిన ఆ మనిషిని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆమెకు అంత తొందరేమిటో! మబ్బు పట్టిన మధ్యాహ్నాల్లో ఇప్పటికీ ఓ చెవి వంటింటి కిటికీ వైపే వేసి పడుకుంటాను. ఆ చప్పుడు మళ్లీ వినబడితే కిటికీ తెరిచి, "లోపలికి రా వదినె, చాయ్ పెడుత" అంటాను.