బాయిలర్ కెమిస్టు, బంగారు చేపలు

రిటైర్మెంటుకు రెండేళ్లుందనగా, ఒక ఆగస్టు ఒకటో తారీఖున నన్ను భిలాయి ఉక్కు ప్లాంటు లోపలి బాయిలర్ నీటి ల్యాబ్ నుంచి టౌన్‌షిప్ తాగునీటి ల్యాబ్‌కు బదిలీ చేశారు. హోదా అదే, సీనియర్ కెమిస్టు. హెల్మెట్టూ సేఫ్టీ బూట్లూ స్టోర్‌లో అప్పగించి రసీదు తీసుకున్నాను. ఇరవై ఆరేళ్ల అలవాటును మాత్రం ఎవరూ అప్పగించమనలేదు. అది నాతోనే వచ్చింది.

ఆ అలవాటేమిటో ముందే చెప్పాలి. నీటిలో ఆమ్లగుణం ఉందా, క్షారగుణం ఉందా అని చెప్పే కొలతను పీహెచ్ అంటాం. ఏడు మధ్యస్థం. అంతకు తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. బాయిలర్‌లో అది తొమ్మిదికి అటూ ఇటూ ఉండాలి. తగ్గిందంటే గొట్టాన్ని లోపల్నుంచి తినేస్తుంది. అందుకని మేమే కొలిచి మరీ నీళ్లలో అమ్మోనియా కలుపుతాం. పీహెచ్ పడిపోయిందని షిఫ్టు నుంచి ఫోనొస్తే, కారణం అడక్కముందే "పెంచండి" అనేదాన్ని. అలా అనే మంచి పేరు తెచ్చుకున్నాను కూడా.

కొత్త సీట్లో కూర్చున్న రెండో వారం ఒక ఫిర్యాదు వచ్చింది. మార్కెట్లో అక్వేరియం కొట్టు నడిపే సింహాచలం రాశాడు. శనివారాలు కొళాయి నీళ్లలో బ్లీచింగు ఎక్కువ వేస్తున్నారట, ఆ దెబ్బకు తన గోల్డ్‌ఫిష్‌లు చచ్చిపోతున్నాయట. గంటగంటకూ ఎంత క్లోరిన్ వేశారో రాసే లాగ్‌షీట్లు తెప్పించి చూశాను. శనివారానికీ మంగళవారానికీ తేడా లేదు. కొళాయి నీళ్లు నేనే పట్టుకొచ్చి పరీక్షించాను. అన్నీ హద్దులోనే ఉన్నాయి. "తాగుటకు యోగ్యం" అని రాసి, ముద్ర వేసి పంపేశాను.

మూడో రోజు అతనే ఆ కాగితం పట్టుకుని ల్యాబ్‌కు వచ్చాడు. యాభై దాటిన మనిషి. తండ్రి శ్రీకాకుళం నుంచి ప్లాంటు కట్టే రోజుల్లో వచ్చాడట.

"తాగడానికి బాగున్నాయని రాసినారు. నానూ తాగతన్నాను మేడమ్, నాకేటీ అవ్వలేదు. మరి నా సేపలకేటయ్యింది?" అన్నాడు.

జవాబు లేని ప్రశ్న వేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అయినా కూర్చోమన్నాను. కొట్టు పెట్టి పదకొండేళ్లట. నాలుగు నెలలుగా చేపలు నిలవడం లేదట. కొన్నవాళ్లు ఖాళీ గిన్నెలు తెచ్చి, సింహాచలం భయ్యా రోగం చేపలు అంటగడుతున్నాడని నలుగురిలో అంటున్నారట. సెక్టర్ 4లో ఒక బడి తమ సైన్స్ ప్రదర్శనకు పన్నెండు గోల్డ్‌ఫిష్‌లతో పెద్ద తొట్టె అడిగింది. ఇంకా నాలుగు వారాలుంది. తల్లిదండ్రులందరి ముందూ అక్కడ చేపలు తేలితే ఇక కొట్టు మూసెయ్యడమే. దగ్గర్లోని ఉతై ఊళ్లో బావమరిది కిరాణా కొట్టుంది.

"అక్కడ బియ్యం తూచుకుంటా బతికేస్తాను. బియ్యం సచ్చిపోవు కదా," అన్నాడు.

బుధవారం కొట్టుకు వెళ్లాను. తొట్లు అద్దంలా ఉన్నాయి. చేపలు మాత్రం రెక్కలు ఒంటికి అతికించుకుని అడుగున ఒక మూల చేరాయి. తోకల అంచుల్లో ఎర్రటి చారలు. పీహెచ్ చూశాను, ఆరున్నర కంటే తక్కువ. దొంగ దొరికాడని నాకు ఒకటే సంబరం. బట్టల సోడా తెప్పించి, నీళ్లలో కరిగించి, తొట్టెలో పోయించాను. మీటరు ఎనిమిదిన్నర చూపించింది. బాయిలర్ అయితే భుజం తట్టేవారు.

అరగంట కాకముందే చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి రొప్పడం మొదలుపెట్టాయి. సింహాచలం గబగబా వేరే నీళ్లలోకి మార్చాడు. అప్పటికే మూడు పోయాయి. అతను వాటిని వలతో తీసి పక్కన పెట్టాడు. నన్ను తిట్టినా బాగుండేది. తలెత్తుకోలేక తొట్టె నీళ్లు సీసాలో పట్టుకుని ల్యాబ్‌కు వచ్చేశాను.

ముందే చెయ్యాల్సిన పరీక్ష అప్పుడు చేశాను. నెస్లర్ ద్రావకమని ఒకటుంటుంది. అమ్మోనియా ఉన్న నీళ్లలో వేస్తే పసుపు రంగు వస్తుంది, ఎక్కువైతే గోధుమ రంగు. నా గాజు గొట్టంలో టీ డికాక్షన్ రంగు వచ్చింది. చేప మొప్పల నుంచి నిత్యం అమ్మోనియా బయటికొస్తుంది. నీళ్లు కాస్త ఆమ్లంగా ఉన్నంతసేపూ అది చాలావరకు కట్టుబడి, పెద్దగా హాని చెయ్యని రూపంలో ఉంటుంది. క్షారం పెరిగితే కట్టు తెంచుకుని మొప్పల్ని కాల్చేస్తుంది. మిగిలిన చేపల్ని అన్నాళ్లూ కాపాడింది ఆ ఆమ్లమే. నేను వెళ్లి ఆ కాపలా తీసేశాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లి, మూడింటినీ చంపింది నేనేనని చెప్పాను.

"పోనీండి మేడమ్. మీరు ఒప్పుకున్నారు. నాకాడ కొన్నోళ్లందరూ నన్నే అంటన్నారు," అన్నాడు.

చేపలకు మేత ఆపించాను. క్లోరిన్ పోయేలా అతను డ్రమ్ములో నిలవబెట్టిన నీళ్లతో తొట్ల నీళ్లు సగం మార్పించాను. అసలు అమ్మోనియా ఎందుకు పేరుకుంటోందన్న ప్రశ్న మిగిలింది. గోడ క్యాలెండర్ మీద చేప చచ్చిన రోజున అతను ఇంటూ గుర్తు పెట్టేవాడు. గుర్తులన్నీ ఆదివారం, సోమవారం గళ్లలోనే ఉన్నాయి. అయితే అంతకు ముందు ఏం జరుగుతోందని అడిగాను. జవాబు అతని భార్య రమణమ్మ ఇచ్చింది. నాలుగు నెలల క్రితమే ఆమె కొట్టులో సాయానికి రావడం మొదలుపెట్టింది.

"సుక్కురారం కదండీ. ఇల్లు కడిగినట్టే తొట్లూ కడిగేత్తాను," అని ఫిల్టరు స్పాంజి తీసి చూపించింది. కొళాయి ధార కింద పెట్టి, తెల్లగా వచ్చేదాకా పిండి పిండి కడిగేదట. కొన్నవాళ్లకూ అలాగే కడగమని చెప్పేదట.

ఆ స్పాంజి మీద పట్టే మురికిలోనే కంటికి కనపడని సూక్ష్మజీవులుంటాయనీ, చేపలు వదిలే అమ్మోనియాను అవే తినేస్తాయనీ, కొళాయి నీళ్ల క్లోరిన్ వాటిని చంపుతుందనీ చెప్పాను. క్లోరిన్ వేసేదే అందుకు. ఇంకా వివరించబోతుంటే ఆమె ఆపేసింది.

"అంటే వారం వారం నాను తోడు పారబోసేసి, ఉత్త పాలు పెరుగవ్వలేదని కూకున్నానన్నమాట!"

రోజూ ఇంట్లో పాలకు తోడుపెట్టేదాన్ని, డిగ్రీ ఉన్నదాన్ని, ఆ మాట నాకు తట్టలేదు. అసూయపడ్డానని దాచను.

తోడు ఇంట్లో లేకపోతే పక్కింటి నుంచి తెచ్చుకుంటాం. మరి చేపల తోడు ఎవరిస్తారు? పక్క ఊరు కుమ్హారిలో రైల్వే గార్డుగా రిటైరైన మా చిన్నాన్న గుర్తొచ్చాడు. ఆయన బద్ధకానికి పెట్టింది పేరు. వరండాలో ఆయన తొట్టె పచ్చగా పాచి పట్టి ఉంటుంది. అందులో రెండు గోల్డ్‌ఫిష్‌లు ఎనిమిదేళ్లుగా దర్జాగా బతుకుతున్నాయి. ఆదివారం చర్చి నుంచి నేరుగా అక్కడికెళ్లి మురికి స్పాంజి కావాలన్నాను.

"పెద్ద ఆఫీసరువి, నా మురికితో ఏటి పనే?" అని నవ్వి సగం కత్తిరించి ఇచ్చాడు. అదే తొట్టె నీళ్లు పోసిన క్యారేజీ గిన్నెలో దాన్ని పెట్టుకుని, బస్సులో ఒళ్లో పట్టుకుని తెచ్చాను. పక్కనామె కూరేమిటని అడిగింది.

స్పాంజిని ముక్కలు చేసి తొట్టెకొకటి పెట్టాం. ఇక కడిగినా తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే, అదీ ఒక్కసారి ముంచి తీయడమే అని నియమం పెట్టాను. రోజూ సాయంత్రం డ్యూటీ దిగి వెళ్లి నెస్లర్ వేసేదాన్ని. వారంలో గోధుమ రంగు పసుపైంది. మూడో వారానికి నీళ్లు నీళ్ల రంగులోనే నిలిచాయి. చేపల రెక్కలు విచ్చుకున్నాయి. మేత డబ్బా చప్పుడైతే చాలు, పైకి ఎగబడుతున్నాయి. ఒక సోమవారం రమణమ్మ క్యాలెండర్ ముందు నిలబడి, ఖాళీ గళ్లు వేలుపెట్టి లెక్కపెట్టింది.

బడి తొట్టెకు అయిదు రోజుల ముందే తోడు పెట్టి, పన్నెండు చేపల్నీ వదిలాం. ప్రదర్శన రోజున పన్నెండూ ఉన్నాయి. జనం రాకెట్లనూ అగ్నిపర్వతాలనూ వదిలేసి ఆ తొట్టె చుట్టూ మూగారు. పోయిన నెల ఖాళీ గిన్నె తెచ్చి అరిచిన ఒకావిడే, "భయ్యా, ఏ కైసే కియా?" అంటూ ఇదెలా చేశావని అడిగింది. సింహాచలం రమణమ్మను ముందుకు నెట్టాడు. ఆమె వచ్చీరాని హిందీలో పెరుగు తోడు గురించి పదిహేను నిమిషాలు చెప్పింది. అంత గొప్ప పాఠం నేను ఏ ట్రైనింగ్‌లోనూ వినలేదు. ఉతై మాట మళ్లీ వాళ్ల నోట రాలేదు. అప్పటి నుంచి చేప కొన్న ప్రతివాళ్లకూ ఆ కొట్టులో కడగని స్పాంజి ముక్క ఒకటి ఊరికే ఇస్తున్నారు.

ఫిర్యాదు మూసేస్తూ రిపోర్టు రాశాను. చేపల మరణాలకు కారణం అన్న చోట స్పాంజి సంగతి రాసి, చివరి మూడింటికి ఎదురుగా "సీనియర్ కెమిస్టు" అని వేశాను. ఆ లైను అవసరమా అని మా డిప్యూటీ మేనేజర్ అడిగారు. బాయిలర్ గొట్టం పగిలితే షిఫ్టు కెమిస్టు పేరు రాస్తామని చెప్పాను. ఆయన సంతకం పెట్టారు.

మీటరు ఆ రోజు అబద్ధం చెప్పలేదు. దాన్ని నేను బాయిలర్ కళ్లతో చదివాను. నీళ్లు మంచివా కావా అనేది, ఎవరికి అని అడిగాకే తేలుతుంది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను సంతకం చేసిన ప్రతి రిపోర్టులోనూ "తాగుటకు యోగ్యం" అన్న మాట ముందు "మనుషులు" అని చేర్చాను. ఫారంలో దానికి చోటు లేదు. పెన్నుతో రాసేదాన్ని.